తాళాలమ్మ చిరునామా

ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు మేడం అనేవారు, చాటున తాళాలమ్మ అనేవారు. నడుముకి ఎప్పుడూ ఓ తాళాల గుత్తి వేలాడేది కాబట్టి ఆ పేరు. మనిషి కంటే ముందు ఆ చప్పుడు వచ్చేది. అది వినపడగానే మెట్ల మీద కబుర్లలో మునిగి ఉన్న పిల్లలంతా పుస్తకాలు తెరిచేవారు. కంగారులో తలకిందులుగా పట్టుకున్నవాళ్లూ ఉండేవారు.

ఆవిడకో ఊతపదం ఉంది. "ఇది మీ ఇల్లు కాదు." గోడకి మేకు కొట్టబోయినా అదే మాట, కిటికీ ఊచలకి తడిబట్టలు వేలాడదీసినా అదే మాట. వరండాలో ఎవరైనా గట్టిగా నవ్వితే కింద నుంచే వినిపించేది. అందులో కోపం కంటే అలవాటే ఎక్కువ. నిజానికి ఆ మాట ఆవిడ తనకి తాను చెప్పుకునేదే. చిన్న వయసులో భర్త పోయాక ఒక రేకుపెట్టెతో ఈ ఉద్యోగానికి వచ్చింది. ఇల్లంటే పుట్టింట్లో తమ్ముడు ఉంటున్న ఇల్లే, ఇక్కడ ఉన్నది పొట్టకూటి కోసం అనుకుంది. గదిలో బీరువా ఉన్నా బట్టలు మాత్రం ఇప్పటికీ మంచం కింద పెట్టెలోనే. రేపో మాపో వెళ్లిపోయే దానికి బీరువా ఎందుకని మొదట్లో అనుకుంది. ఆ రేపూ మాపూ సాగి సాగి జుట్టు నెరిసింది.

ఆ ఏడు పై అంతస్తు పిల్లల్లో ఒకతె ఉండేది. చదివేది రసాయనశాస్త్రమే అయినా ప్రతిదానికీ వాదనకి దిగుతుందని అందరూ ప్లీడరనేవారు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయనగానే ప్లీడరు నడుం బిగించింది. పద్దెనిమిది నిండిన వాళ్లందరినీ తన గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఇల్లు వదిలి చదువుకునే వాళ్లు ఓటు ఇంటి దగ్గరైనా పెట్టుకోవచ్చు, ఉంటున్న హాస్టల్ చిరునామా మీదైనా తీసుకోవచ్చు, కానీ రెండు చోట్లా ఉండకూడదు. వయసుకి ఒక రుజువు, చిరునామాకి ఒక రుజువు, ఒక ఫొటో ఉంటే చాలు. ఇంటి కరెంటు బిల్లు లేని పిల్లలకి కాలేజీ ఇచ్చే కాగితం సరిపోతుంది. పోలింగ్ మర్నాడే పెద్ద పరీక్ష పడింది. వాళ్ల ఊళ్లు రాత్రంతా రైల్లో వెళ్తే గానీ రావు. అంటే ఇక్కడ ఓటుంటే ఉన్నట్టు, లేకపోతే ఈసారికి లేనట్టే. బస్టాపు నుంచి హాస్టల్ దాకా సందులో ఒక్క దీపమూ వెలగదు. దాని గురించి అడగాలంటే ఇక్కడి ఓటే కావాలని ప్లీడరు వాదన. అందరూ ఫోన్లలోనే దరఖాస్తులు పంపేశారు.

వివరాలు సరిచూడటానికి ఎన్నికల ఆఫీసు తరఫున ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. అది పిల్లలంతా క్లాసుల్లో ఉన్న సమయం. గేటు దగ్గర తాళాలమ్మ ఒక్కతే ఉంది. ఎవరో మగమనిషి చేతిలో కాగితాలు పట్టుకుని ఆడపిల్లల పేర్లు చదువుతూ, వీళ్లు ఇక్కడ నివాసం ఉంటారా అని అడిగేసరికి ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. తను ఎవరో అతను చెబుతున్నా సగం వినలేదు. ఇక్కడెవరూ నివాసం ఉండరని, చదువుకోవడానికి వచ్చి సెలవులకి వాళ్ల ఇళ్లకి వాళ్లు పోతారని, ఇది వాళ్ల ఇల్లు కాదని కచ్చితంగా చెప్పి పంపేసింది. మాస్టారు అదే రాసుకుని వెళ్లాడు. పిల్లల్ని బాగా కాపాడాననుకుని ఆవిడ గేటుకి గొళ్లెం పెట్టింది.

వారం తిరక్కుండా అందరి ఫోన్లకీ ఒకటే జవాబు వచ్చింది. ఆ చిరునామాలో నివాసం లేరు కనుక దరఖాస్తు తిరస్కరించడమైనది. ప్లీడరు ఫోను పట్టుకుని కిందికి వచ్చింది. ఈసారి వాదించలేదు. జవాబు చదివి వినిపించి, ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఉంటారు అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా మేడం," అంది.

పిల్లలు క్లాసులు ఎగ్గొట్టింది లేదు, అల్లరి చేసింది లేదు. మొట్టమొదటి ఓటు కోసం కాగితాలన్నీ సమకూర్చుకుంటే తన నోటి దురుసు కొద్దీ అంతా బూడిదపాలైంది. తాళాలమ్మకి నిజంగా సిగ్గేసింది. మర్నాడు తాళాల గుత్తి వంటావిడ చేతిలో పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని మాస్టారు పనిచేసే బడికి వెళ్లింది.

మాస్టారు మంచివాడు. ఇంకా గడువుంది, మళ్లీ పెట్టుకోండి, నేనే వస్తానన్నాడు. చదువుకునే రోజుల్లో ఎక్కడ ఉంటుంటే అదే నివాసం కింద లెక్కని విడమరచి చెప్పాడు. పిల్లలు బల్ల చుట్టూ చేరి రాసుకుంటుంటే, మాటల్లో మాటగా మీ ఓటెక్కడమ్మా అని ఆవిడని అడిగాడు. తమ్ముడి ఇంటి దగ్గర ఉందని, పోలింగ్ రోజున హాస్టల్ వదిలి అంత దూరం వెళ్లడం ఎప్పుడూ కుదరలేదని చెప్పింది. అతను ఫోన్లో వెతికి చూశాడు. తమ్ముడి పేరుంది, మరదలి పేరుంది, ఈవిడది లేదు. ఎప్పుడో తీసేసినట్టున్నారు.

"మాలాంటి వాళ్లు వెళ్లి అడిగినప్పుడు, ఇక్కడ ఉండటం లేదని మీవాళ్లు చెప్పి ఉంటారమ్మా," అన్నాడు.

తమ్ముడి మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. వాడు అబద్ధం చెప్పలేదు. గేటు దగ్గర నిలబడి తనన్న మాటే వాడూ ఏ గుమ్మంలోనో నిలబడి అని ఉంటాడు. తను లేని ఇంటిని తనదనుకుంటూ ఇన్నేళ్లు గడిపింది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంటుంటే ప్లీడరు ఏమీ అడక్కుండా ఇంకో దరఖాస్తు తెచ్చి ముందు పెట్టింది. చిరునామా అన్న చోట ఆవిడ కలం చాలాసేపు ఆగింది. చివరికి హాస్టల్ పేరు రాసింది.

అన్నమాట ప్రకారం మాస్టారు మళ్లీ వచ్చాడు, ఈసారి సాయంత్రం పూట. పిల్లల పేర్లు చదువుతుంటే తాళాలమ్మ ఒక్కొక్కరికీ ఉంటుందండీ అని చెప్పడమే కాదు, ఏ గదిలో, ఏ కిటికీ పక్క మంచమో కూడా చెప్పింది. అంతక్కర్లేదమ్మా అని అతను నవ్వాడు. చివరికి ఆవిడ పేరు వచ్చింది. ఎవరి గురించి వాళ్లే చెప్పుకుంటే కుదరదని, మరొకరు చెప్పాలని అన్నాడు. ప్లీడరు ముందుకొచ్చింది.

"ఉంటారండీ. సెలవులకి మేమంతా మా ఇళ్లకి వెళ్లిపోతాం. ఆవిడ అప్పుడు కూడా ఇక్కడే ఉంటారు. ఇది ఆవిడ ఇల్లు."

మాస్టారు రాసుకున్నాడు. తాళాలమ్మ తల తిప్పుకుని, అవసరం లేకపోయినా గేటు తాళం ఒకసారి లాగి చూసింది.

పోలింగ్ రోజున అందరూ కలిసే వెళ్లారు. వరుసలో నిలబడి ప్లీడరు మర్నాటి పరీక్షకి చదువుకుంటూనే ఉంది. తాళాలమ్మ ఆమె వెనకే నిలబడి గుర్తింపు కార్డు ఉందో లేదో సంచిలో పదే పదే తడుముకుంది. లోపల కూర్చున్న గుమాస్తా ఆవిడ పేరు, ఆ పక్కన హాస్టల్ చిరునామా పైకి చదివి, మీరేనా అని అడిగాడు. నేనేనండి అంది. ఓటేసి వచ్చాక గదిలోకి వెళ్లి పెట్టె బయటికి లాగి, బట్టలన్నీ బీరువాలో సర్దింది.

పరీక్ష అయిన సాయంత్రం పై అంతస్తులో టకటకమని చప్పుడు. ఎవరో గోడకి మేకు కొడుతున్నారు. తాళాల చప్పుడు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగింది. సుత్తి పట్టుకున్న పిల్ల బిగుసుకుపోయి, రావలసిన మాట కోసం ఎదురుచూసింది.

"అక్కడ పెచ్చులూడతాయే. కాస్త పైన కొట్టు," అంది తాళాలమ్మ.