సబ్ఖాలో ఆరో చెక్క

ముందు పోయినవి రాస్తాను. నా ఎడమ కాలి బూటు. లింగం నల్ల కళ్ళజోడు. అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి. గుర్తుల కోసం పాతే ఇనుప రాడ్లు పదకొండు. నాలుగడుగుల సెంట్రింగ్ చెక్క ఒకటి, రెండు ముక్కలుగా. ఇవి గాక రెండు గంటల ఇరవై నిమిషాల సమయం. మనిషి పోలేదు, బండి పోలేదు.

ఈ జాబితా చూసి దయ్యం కథ చెప్పబోతున్నానని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోవడం లేదు. దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఎన్ని, ఎవరు లెక్కపెట్టారు అని అడిగే మనిషిని. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. కొలతలు, బరువులు, వైశాల్యాలు సైట్ల వెంట తిరుగుతూ నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు యాభై రెండేళ్ళు. రాస్ అల్ ఖైమాలో ఒక పైపులైను కంపెనీ స్టోర్ చూస్తాను. స్టోర్ నుంచి ఎన్ని వెళ్ళాయి, ఎన్ని వచ్చాయి అన్నది నా పని. అందుకే ఈ సంగతి నన్ను ఇంతగా పట్టుకుంది.

2021 మొదట్లో, చలికాలం. మా పైపులైను సముద్రపు ఒడ్డున సబ్ఖా పక్కగా వెళ్తుంది. సబ్ఖా అంటే ఉప్పు మైదానం. పైన తెల్లగా, గట్టిగా పెంకు కట్టి ఉంటుంది. కింద నల్లటి బురద. పెద్ద పోటు వచ్చినప్పుడు పాయలోంచి సముద్రం నీళ్ళు దాని మీదికి పారతాయి. అక్కడికి కారు పోదు కాబట్టి కంపెనీ నాలుగు లావు టైర్ల చిన్న బండి ఒకటి ఇచ్చింది. మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుంటారు. అది నడిపేవాడు లింగం. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదిహేడేళ్ళు చిన్న. నన్ను "లెక్కల సారూ" అని పిలుస్తాడు. అందులో మర్యాద సగం, వెక్కిరింత సగం.

ఆ రోజు ఆదివారం. గురువారం లింగం ఊరికి వెళ్ళే విమానం, నలభై అయిదు రోజుల సెలవు. అతను ఇక్కడికి వచ్చిన నాలుగు నెలలకు కొడుకు పుట్టాడు. సెలవు దగ్గరపడేసరికి కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. పిల్లవాడికి ఇరవై ఎనిమిది నెలలు నిండాయి, తండ్రి వాణ్ణి ఫోన్లో తప్ప చూడలేదు. చివరి రాడ్లు పాతేస్తే పదకొండు గంటల బస్సుకి బర్ దుబాయ్ వెళ్ళి వాడికి బట్టలూ బొమ్మలూ కొనాలని అతని ఆత్రం.

అడ్డదారి చెప్పింది నేనే. రాడ్లు పాతే చోటికి చుట్టూ తిరిగితే ఆరున్నర కిలోమీటర్లు, సబ్ఖా మీదుగా కోస్తే ఒకటీ ముప్పావు. అంతకుముందు నెలలో అదే పెంకు మీద ఆ బండి దిగబడకుండా వెళ్ళింది. బండి బరువు, మా ఇద్దరి బరువు, రాడ్ల బరువు కలిపి, టైర్లు నేలకు ఆనే వైశాల్యంతో భాగించాను. సరిపోయింది. నేను కలపనిది ఒక్కటే: అప్పటికి మూడు రోజులుగా పొగమంచు పడుతోంది. ఉప్పు తేమను తాగి మెత్తబడుతుంది. దానికి నా దగ్గర అంకె లేదు, అందుకని వదిలేశాను.

ఆరూ యాభైకి దిగాం. పొగమంచులో పది అడుగుల అవతల ఏమీ కనబడలేదు.

"టీవీల జూపెడ్తరు గద సారూ, గడ్డగట్టిన చెర్వు. మీద పిల్లలు జారుకుంట ఆడ్తరు. అచ్చం గట్లనే ఉంది," అన్నాడు లింగం.

ఆ మాట అయిన ఒక నిమిషానికి వెనక చక్రాలు రెండూ పెంకు పగలగొట్టుకుని ఇరుసు దాకా దిగిపోయాయి.

"లెక్కల సారూ, ఇప్పుడు జెప్పు. ఎంత పాయె?"

"రెండడుగులు," అన్నాను.

"గది గాదు నేనడిగేది. నా టికెట్ పాయెనా, ఉన్నదా?"

అతను అడిగినదానిలో నిజముంది. పది గంటలకల్లా పోటు నీళ్ళు అక్కడికి వస్తాయి. బండి మునిగితే పోలీసు రిపోర్టు, ఎంక్వైరీ. అది తేలేదాకా సెలవు కాగితం మీద మా ముదీర్, అంటే మేనేజరు, సంతకం పెట్టడు. లెక్క నాది, బండి మాత్రం లింగం పేరున ఉంది.

బురదలో దిగిన బండిని తీయడానికి బలం కంటే వరస ముఖ్యం. ముందు బరువు దించాలి. టైర్లలో గాలి సగం తీయాలి. రాడ్డును మీటలాగా పెట్టి ఒక్కో చక్రాన్నీ లేపి, కిందికి చెక్క తోయాలి. మీట కింద ఇంకో చెక్క ఆనకపోతే మీటే బురదలోకి దిగుతుంది. మా దగ్గర చెక్కలు అయిదు. అయిదింటికీ కొసలకు స్టోర్ గుర్తుగా నీలం రంగు. ఎడమ చక్రం ముందు రెండు, కుడి చక్రం ముందు రెండు, మీట కింద ఒకటి.

ఎడమ చక్రం లేచింది. కుడివైపు వెళ్ళి లింగం మీట నొక్కగానే కింది చెక్క ఫెళ్ళున విరిగింది. రెండు ముక్కలూ మా కళ్ళ ముందే బురదలోకి పోయాయి. చెయ్యి పెట్టి వెతికాను, దొరకలేదు. అప్పుడే నా బూటు కూడా పోయింది. మళ్ళీ ఎడమవైపు వచ్చి, అక్కడ వేసిన చెక్క జారకుండా భుజం దాకా బురదలో చెయ్యి పెట్టి పట్టుకున్నాను.

అవతలి నుంచి లింగం గొంతు వినిపించింది. "సారూ, ఓ చెక్క అందియ్!"

ఇంక చెక్కల్లేవని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో కుడివైపు బండి లేచింది.

"శెభాష్! మంచి చెక్క ఇచ్చినవ్ సారూ!"

విరిగినదాని మీద వెటకారమనుకున్నాను. బండి మీద ఎవరూ కూర్చోకుండా పక్కన నడుస్తూ, వెనక చెక్క తీసి ముందు వేసుకుంటూ, గట్టి నేల చేరేసరికి తొమ్మిదీ పది అయింది. సగం తీసిన గాలితోనే బయటికొచ్చాం. లింగం నేల మీద వెల్లకిలా పడుకుని నవ్వాడు. నేను అలవాటు కొద్దీ సామాను లెక్కపెట్టాను.

చెక్కలు అయిదున్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగింటికి కొసల నీలం రంగు ఉంది. అయిదోదానికి లేదు. ముదురు రంగు కర్ర, ఒక కొసన చిన్న రంధ్రం, దాని అంచు తాడు ఒరిసి ఒరిసి నున్నగా అయినట్టుంది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"నువ్వే ఇస్తివి గద!"

"నేను ఇవ్వలేదు. నేను అవతల ఉన్నాను."

లింగం లేచి కూర్చున్నాడు. మీట మీంచి చూపు తిప్పకుండా చెయ్యి వెనక్కి చాపాననీ, చెక్క అరచేతిలో పెట్టినట్టు వచ్చిందనీ చెప్పాడు. "గరంగ ఉండె సారూ. నువ్వు దాని మీద కూసున్నవేమో అనుకున్న."

నేను ముట్టుకుని చూశాను. మిగతా నాలుగూ తడిసి చల్లగా ఉన్నాయి. అయిదోదాని అంచులకు బురద ఉంది, నడుమ మాత్రం పొడిగా ఉంది. ఎండలో ఆరేసిన చెక్కను సాయంత్రం లోపలికి తెచ్చినప్పుడు ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చగా. మేము మూడు రోజులుగా ఎండ చూడలేదు.

కాసేపటికి పొగమంచు విడిచింది. గట్టు మీంచి మేం వచ్చిన దారంతా కనబడింది. తెల్లటి పెంకు మీద అడుగులు నల్లగా అచ్చుపడి ఉన్నాయి. ఒక కాలికి బూటు లేనివి నావి. రెండు కాళ్ళకూ బూట్లున్నవి లింగానివి. మూడో జాడ కోసం చాలాసేపు చూశాను. లేదు.

బురదలో ఎప్పుడో కూరుకుపోయిన పాత పడవ చెక్క పైకి తేలిందని మొదట అనుకున్నాను. అలాగైతే అది నానిపోయి నల్లగా ఉండాలి. లింగమే తవ్వి తీసి మరిచిపోయాడని అనుకుందామంటే అతని రెండు చేతుల్లో ఒకటి మీట మీదే ఉంది. స్టోర్లో కొలిచాను. మా చెక్కలు సరిగ్గా నాలుగడుగులు, ఇది ఒకటిన్నర అంగుళం ఎక్కువ. తూకంలో రెండు కిలోల పైచిలుకు తేడా.

ముదీర్‌కు చెక్క ఒకటి విరిగిందని చెప్పాను. "ఖలాస్," అన్నాడు. ఆ సంగతి అక్కడితో అయిపోయింది. గురువారం లింగం విమానం ఎక్కాడు.

మా క్యాంపుకి నీళ్ళ ట్యాంకర్ తెచ్చే ముసలి పఠాన్ ఒకాయన ఉండేవాడు, ముప్పై ఏళ్ళుగా ఆ తీరంలోనే. చెక్క చూపించాను. రంధ్రంలో వేలు పెట్టి తిప్పాడు. "జిస్‌కా హై, ఉస్‌కో దే దో," అన్నాడు. ఎవరిదో వాళ్ళకిచ్చెయ్యమని. ఎవరిదని అడిగాను.

"ముఝే క్యా పతా? లియా తో తుమ్‌నే హై," అని నవ్వాడు. నాకేం తెలుసు, తీసుకున్నది మీరు కదా అని.

శుక్రవారం ఒక్కణ్ణే నడిచి వెళ్ళి, పెంకు నన్ను మోసినంత దూరం పోయి, చెక్కను అక్కడ పెట్టాను. పై శుక్రవారానికి లేదు. నడుమ పెద్ద పోటు వచ్చింది, సముద్రం తీసుకుపోయి ఉంటుంది. దాన్ని నేను వింతల్లో కలపడం లేదు.

లింగం ఊరి నుంచి ఫోన్ చేసేవాడు. మూడు రోజులు పిల్లవాడు దగ్గరికి రాలేదట. "నాలుగో దినం వాడే వచ్చి భుజం మీదికెక్కిండు సారూ, ఇగ దిగుతలేడు," అన్నాడు. వెనకాల వాడి కేకలు వినబడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు నాకు ఒక డబ్బా సకినాలు తెచ్చాడు. నలభై రెండున్నాయి, విరిగినవి తీసేసి. ఇప్పుడు జెబెల్ అలీలో పనిచేస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "లెక్క తేలిందా సారూ?" అని అడుగుతాడు. తేలలేదంటాను. ఇద్దరం నవ్వుకుంటాం.

నిజంగానే తేలలేదు. ఆ రోజు ఆ పెంకు మీద ఎంతమందిమి ఉన్నామో నాకిప్పటికీ తెలియదు. దానివల్ల నాకు నిద్ర పట్టకపోవడం లేదు. తలచుకుంటే మనసు హాయిగానే ఉంటుంది. చెక్క తిరిగి ఇచ్చేశాను కాబట్టి ఆ పద్దు కొట్టేశాను. దాని మీదుగా వచ్చిన లింగం సెలవును మాత్రం ఎవరికి, ఎలా తీర్చాలో తెలియక అలాగే ఉంచాను.

బాకీ, ఈ రోజుకి: నలభై అయిదు రోజులు.