పాప చెవులకు పెట్టిన గడువు

పది నెలలు నిండినా మా పాప పిలిచిన వైపు తిరిగేది కాదు. ఎడమ పక్కనుంచి పిలిస్తే కుడి పక్కకి చూసేది. "దొంగపిల్ల, మనల్ని ఆడిస్తోంది" అని అత్తయ్యగారు మురిసిపోయేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. వంటింట్లో కావాలని పళ్లెం కింద పడేసి, తలుపు పక్కన నిలబడి పాపనే చూసేదాన్ని. ఒక్కోసారి ఉలిక్కిపడేది. ఒక్కోసారి చేతిలో ఉన్న బొమ్మని నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేది.

ఏలూరులో చెవి డాక్టరుగారు చూసి, యంత్రం పెట్టి పరీక్ష చేయించాలన్నారు. ఆ యంత్రం తీసుకుని విజయవాడ నుంచి ఒకావిడ నెలకొకసారి వస్తారట. పిల్ల నిద్రలో ఉంటేనే పరీక్ష కుదురుతుందని, ఆ పూట పొద్దుటినించీ నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మని చెప్పారు.

పరీక్షకి ముందురోజు తాడేపల్లిగూడెంలో మా అమ్మగారింట్లో ఉన్నాను. మా ఇళ్లలో ఇంకా కంప్యూటర్లు లేని రోజులు. పాపని అమ్మకి అప్పగించి, దగ్గర్లో ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాను. డిగ్రీ చదివిన రోజుల్లో ఫలితాలు చూసుకోవడం తప్ప ఇంటర్నెట్‌తో నాకు పని పడలేదు. పిల్లలు, వినికిడి అని ఇంగ్లీషులో కొట్టి వెతికాను. ఎక్కడో పెద్ద నగరంలో, ఏడాది నిండని పిల్లలకి వినికిడి శిక్షణ ఇచ్చే ఒక కేంద్రం వాళ్ల పేజీ వచ్చింది. పిలిచిన వైపు తిరగకపోవడం అనేది అక్కడ రాసిన లక్షణాల్లో మొదటిది.

ఆ పేజీ పైన ఎర్ర అంకెలు కదులుతున్నాయి. గంటలు, నిమిషాలు, సెకన్లు. ఒక రోజుకి కాస్త తక్కువ ఉంది. ఆ లోపల పేరు నమోదు చేయించుకోవాలట. ఈ అవకాశం మీ బిడ్డకి మళ్లీ రాదు అని కింద రాశారు. నేను చదువుతూ ఉండగానే ఒక నిమిషం పోయింది. నా కళ్లకి అది శిక్షణకి పెట్టిన గడువులా కనబడలేదు. మా పాప చెవులు మూసుకుపోవడానికి ఇంకా ఎంతసేపుందో చెబుతున్నట్టే ఉంది.

నమోదుకి బ్యాంకు కార్డు కావాలి. మా ఇంటి మొత్తానికి ఒకటే కార్డు, అది మా ఆయన పర్సులో ఉంటుంది. ఆయన చేపల మేత కంపెనీలో పని చేస్తూ కొల్లేటి చెరువుల వెంట తిరిగేవారు. ఆ రెండు రోజులూ కొల్లేటికోటలో ఉన్నారు. ఫోను కలవలేదు. మళ్లీ చేశాను. కలవలేదు.

పాపని తీసుకుని పాసింజరు రైల్లో భీమడోలులో మా అత్తవారింటికి వచ్చేసరికి, నా మొహం చూసి మామయ్యగారే అడిగారు. జరిగిందంతా చెప్పాను. ఆయన పురోహితులు. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ ముహూర్తాలు పెట్టేది ఆయనే. వర్జ్యం ఉందంటే మా ఇంట్లో ఎవరమూ గడప దాటం. ఇంత చదువుకున్నదానివి, కంప్యూటర్లో ఏవో అంకెలు చూసి ఇలా అయిపోతావా అని ఆయన కోప్పడితే బాగుండునని లోపల్లోపల ఆశపడ్డాను.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"రేపు ఎన్నింటికి పూర్తవుతుందమ్మా?"

"మధ్యాహ్నం దాటాకండీ."

"అంత కచ్చితంగా పెట్టారంటే ఏదో లెక్క చూసే పెట్టి ఉంటారు. వేళ దాటిపోయాక చేసే పనికి ఫలం ఉండదు. నువ్వు పొద్దున్నే కొల్లేటికోట వెళ్లి అబ్బాయి దగ్గర కార్డు తీసుకో. నేనూ వస్తాను. ఏలూరు పరీక్షంటావా, వచ్చే నెల మళ్లీ ఉంటుంది."

అత్తయ్యగారు బియ్యం చేట పక్కన పెట్టేశారు. "ఏవండీ, పిల్లని చూపించేది డాక్టరుకా, గడియారానికా?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు తెలీదు లెండి. నలభయ్యేళ్ల నుంచీ మీ వేళలకే వండుతున్నాను, నాకేం తెలుస్తుంది!"

నేను మామయ్యగారి మాటే పట్టుకున్నాను. వేళల సంగతి ఆయనకంటే తెలిసినవాళ్లు నా ఎరుకలో లేరు. ఆయన కూడా నమ్మారంటే అది నిజమే అనుకున్నాను.

పొద్దున్నే ఏలూరు రైలెక్కాం. స్టేషన్‌లో దిగి బస్టాండుకి వెళ్లి కైకలూరు బస్సు పట్టుకోవాలి. రైలు ఊపుకి పాప కళ్లు మూతలు పడుతుంటే అరికాళ్లు గిల్లాను, బుగ్గలకి తడిబట్ట అద్దాను. ఏడ్చింది. కొల్లేటికి వెళ్తున్నదాన్ని, పరీక్షకి వెళ్లేదానిలా పిల్లని ఎందుకు ఏడిపిస్తున్నానో నాకే తెలియలేదు.

బస్టాండు దగ్గర బస్సుకి ఇంకా కాసేపుంది. ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్ కనబడింది.

"ఇంకా ఎంత మిగిలిందో ఒకసారి చూద్దామమ్మా" అన్నారు మామయ్యగారు.

పేజీ తెరుచుకుంది. ఎర్ర అంకెల్లో మళ్లీ నిండుగా ఒక రోజు ఉంది, అప్పుడే మొదలైనట్టు.

"పొడిగించారమ్మా! మనలాంటి వాళ్లు ఉంటారని తెలిసి పొడిగించారు" అని ఆయన నిజంగానే సంతోషపడ్డారు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. సెంటర్ ఆయన్ని అడిగి, పాపని ఎత్తుకునే పక్క కంప్యూటర్లో అదే పేజీ తెరిచాను. అక్కడా నిండుగా ఒక రోజు. మొదటి దాంట్లో అప్పటికే నాలుగు నిమిషాలు తరిగాయి. మామయ్యగారు రెండు కుర్చీల మధ్య నిలబడి ఆ తెరనీ ఈ తెరనీ మార్చి మార్చి చూశారు.

"ఇదేంటమ్మా, దీనికో వేళ, దానికో వేళా?"

"ఎవరు తెరిస్తే వాళ్లకి అప్పుడు మొదలవుతుందనుకుంటానండీ."

"అంటే నిన్న నువ్వు చూసింది..."

"నేను తెరిచాకే మొదలైందండీ."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇద్దరు పెళ్లివాళ్లకి ఒకే లగ్నాన్ని రెండు వేళలకి చెబితే నన్ను ఊళ్లో ఉండనిస్తారా?" అన్నారు. ఆ కోపం నా మీద కాదు. మరుక్షణం ఆయనే, "పరీక్ష ఎన్నింటికి?" అని అడిగారు.

పరీక్షలు పొద్దుటి పూట వరకే. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఆటో ఎక్కాం. పాప నా భుజం మీద నిద్రపోయింది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆటో కుదుపుకి మళ్లీ లేచి కూర్చుంది. పరీక్ష చేసే ఆవిడ యంత్రం తీగలు చుట్టేస్తున్నారు.

"ఇప్పుడా రావడం? పడుకుందా?"

"ఇప్పుడే లేచిందండీ."

"అయితే ఇంకేం చేస్తాం, వచ్చే నెల రండి."

మామయ్యగారు చేతులు జోడించారు. దేవుడికి తప్ప ఆయన ఇంకొకరికి దణ్ణం పెట్టడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "అరగంట కూర్చోండమ్మా. పడుకోకపోతే వెళ్లిపోదురుగాని." ఆవిడ నిట్టూర్చి కూర్చున్నారు. నేను చీకటి గదిలో పాపకి పాలిస్తూ, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా ఉన్నాను. నా గుండె చప్పుడుకి లేస్తుందేమోనని కూడా భయపడ్డాను. చివరికి పాప చెయ్యి నా జాకెట్టు మీంచి జారింది.

నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించారు. తెర మీద గీతలు కదిలాయి. ఆవిడ కనుబొమలు ఎటు కదులుతాయా అని చూస్తూ నిలబడ్డాను. డాక్టరుగారే చెప్తారన్నారు ఆవిడ.

డాక్టరుగారు కాగితం చూసి, కుడి చెవి బాగుందన్నారు. ఎడమ చెవి చాలా తక్కువ వింటోందన్నారు. అందుకే శబ్దం ఎటునుంచి వస్తోందో పాపకి తెలియడం లేదట. మాటలు వస్తాయి, కానీ దగ్గరుండి చూసుకోవాలి, మూడు నెలలకోసారి తీసుకురావాలి అన్నారు.

"కుడి చెవి కూడా తగ్గిపోతుందాండీ?"

"ఇప్పుడే చెప్పలేమమ్మా. చూస్తూ ఉందాం."

ఎన్నాళ్లు చూడాలో అడగకుండానే కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు రైల్లో మామయ్యగారు పాపని ఒళ్లో అటూ ఇటూ మార్చి, చివరికి ఆమె కుడి చెవి తన నోటికి దగ్గరగా వచ్చేలా కూర్చోబెట్టుకున్నారు. "ఇదిగో, దెందులూరు వచ్చింది తల్లీ" అన్నారు. పాప తల ఎత్తి ఆయన గడ్డం పట్టుకుని లాగింది. ఆయన మళ్లీ చెప్పారు, ఈసారి కాస్త గొంతు తగ్గించి. పాప మళ్లీ లాగింది. ఇంకా తగ్గించి చెప్పారు. ఎంత చిన్న మాటకి ఆ పిల్ల చెయ్యి కదలడం మానేస్తుందోనని, కిటికీ ఊచ పట్టుకుని నేను చూస్తూ ఉన్నాను.