ఐసు ఫ్యాక్టరీలో మా వదిన ఉద్యోగం

మా కోడలు అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూస్తుంది. మొన్న ఆదివారం, మర్నాడు కార్మికులకు తెలుగులో చెప్పాల్సిన పాఠాన్ని నా ముందు కూర్చుని ఒకసారి చదివి, ఎక్కడైనా అర్థం కాకపోతే చెప్పండి మామయ్యగారూ అంది. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో ఎవరికీ ఉద్యోగం నిరాకరించకూడదనీ, ఉన్నవాళ్ళను తీసేయకూడదనీ, ప్రమోషన్ ఆపకూడదనీ, ఫిర్యాదు వినడానికి కంపెనీలో ఒక అధికారి ఉండాలనీ, పార్లమెంటు చేసిన చట్టమే ఇలా చెబుతోందనీ ఆ పాఠం సారాంశం. అర్థమైంది గానీ నా మనసు అక్కడితో ఊరుకోలేదు. మరి మగవాణ్ణి ఇష్టపడే మగవాడికో, ఆడమనిషిని ఇష్టపడే ఆడమనిషికో ఇదే రక్షణ ఉందా అని అడిగాను. వాళ్ళ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ప్రైవేటు ఉద్యోగాల్లో వాళ్ళ పేరు పెట్టి రాసిన చట్టం ఇంకా రాలేదనీ, తమ కంపెనీ మాత్రం సొంతంగా ఒక నియమం పెట్టుకుందనీ చెప్పి, ఈయనకు ఇంత ఆరా ఎందుకో అన్నట్టు నా వైపు చూసింది.

ఎందుకంటే నాకు ఒక వదిన ఉండేది.

ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు లేని రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో అనకాపల్లి శివార్లలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. నేను అందులో గుమాస్తాని. అక్కడి యంత్రాన్ని నడిపే ఆపరేటరు చీడికాడ దగ్గర వ్యవసాయం చేసుకునే మా మేనమామ పెద్దబిడ్డ. చిన్నప్పటి నుంచీ బావ అనే పిలిచేవాణ్ణి. కానీ ఇక్కడి నుంచి వదిన అనే రాస్తాను, తను కోరుకున్న పిలుపు అదే కాబట్టి.

ఒక వేసవిలో సెలవు పెట్టి వెళ్ళి, తిరిగి వచ్చినప్పుడు చీర కట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. నాకు కలిగింది భయం కాదు, కోపమూ కాదు, నాకు అర్థం కాని సంగతేదో ఇన్నాళ్ళూ నా పక్కనే ఉండి పనిచేసిందన్న ఆశ్చర్యం. ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి అని అడిగితే, "వదినా అనరా, ఇంకేటంతావు" అని నవ్వింది. మా మేనమామ అప్పటికే మాట్లాడటం మానేశాడు. మా అమ్మ మాత్రం చాలాసేపు ఎగాదిగా చూసి, దగ్గరికి వెళ్ళి, "కుచ్చిళ్ళు అలాగ కాదే, ఇలాగ పెట్టాల" అని తనే సరిచేసింది. అమ్మ నోట వచ్చిన ఆ 'కాదే' విని వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మర్నాడు పనిలోకి వెళ్ళాం. యజమాని చెడ్డవాడేమీ కాదు, పండగకు కూలీలందరికీ బట్టలు పెట్టే మనిషి. గేటు దగ్గరే ఆపేశాడు. "నీ పనికేటీ వంక లేదు. ఈ ఏసంతో లోపలికొత్తే లారీవోళ్ళు నవ్వుతారు. పేంటూ సొక్కా తొడుక్కుని వచ్చెయ్, నీ పని నీకే" అన్నాడు.

నేను వదినను తీసుకుని ఊళ్ళో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయనకూ మా సంగతి కొత్తే. శ్రద్ధగా విన్నాడు, ఏవేవో ప్రశ్నలు వేశాడు, బీరువాలోంచి లావుపాటి పుస్తకాలు తీసి తిరగేశాడు. చివరికి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఏ సెక్షన్ కింద రాయమంటారు చెప్పండి, ఈ పుస్తకాల్లో ఈ మనిషి లేదు" అన్నాడు.

వదిన ఇంకో మార్గం లేక ఒక్క పూట ప్యాంటూ చొక్కా వేసుకుని వెళ్ళింది. యంత్రం నడిపింది, ఐసు దిమ్మలు తీయించింది, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసింది. "మెసీను నాదే, పని నాదే, సేత్తన్నది మాత్రం నేను కాదురా" అంది. ఆ తరవాత పనిలోకి వెళ్ళలేదు.

ఐసు కోసం రోజూ వచ్చే పూడిమడక జాలరి ఆడవాళ్ళు వదినకు బాగా పరిచయం. మావాళ్ళు తలొక రకంగా మాట్లాడుకుంటూ ఉండగానే, వాళ్ళు తమతో పాటు తీసుకెళ్ళి చేపల బేరం నేర్పారు, అనకాపల్లి మార్కెట్లో తమ పక్కనే చోటిచ్చారు. వెక్కిరించిన వాళ్ళు లేకపోలేదు, వాళ్ళకు ఆ ఆడవాళ్ళే సమాధానం చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు వదిన సొంతంగా చేపల బుట్టలు దింపించుకునే స్థితికి వచ్చి, ఐసు కొనడానికి మా ఫ్యాక్టరీకే వచ్చింది. యజమాని కుర్చీలోంచి లేచి, "ఏటమ్మా, ఎన్ని దిమ్మలెయ్యమంటావు" అని మర్యాదగా అడిగాడు. ఆ రోజు నేను గేటు దాకా సాగనంపితే, "సూసేవా, ఆయన సేత అమ్మా అనిపించుకోడానికి ఉద్యోగం ఒదులుకోవాల్సొచ్చింది" అని నవ్వింది. నవ్వుతూనే ఒక్క క్షణం ఆగి, లోపల తిరుగుతున్న యంత్రం చప్పుడు వింటూ నిలబడింది.

వదిన చేపల బేరంలోనే స్థిరపడింది, వయసు మళ్ళి, ఈ చట్టం రాకముందే కన్నుమూసింది. ఆ వకీలూ లేడు, ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు కల్యాణ మండపం ఉంది.

ఇదంతా మా కోడలికి చెప్పాను. ఇంతకీ మీ కంపెనీలో ఆ అధికారి దగ్గరికి ఎవరైనా ఫిర్యాదుతో వచ్చారా అని అడిగాను. ఫిర్యాదు మాట అటుంచండి మామయ్యగారూ, అసలు ఇప్పటి దాకా అలాంటివాళ్ళు ఒక్కరూ ఉద్యోగానికే రాలేదు అంది. రానివ్వరనుకుని రావడం లేదో, వచ్చినవాళ్ళు మా వదిన ఆ ఒక్క పూట చేసినట్టు వేరే మనిషిలా వేషం కట్టి పనిచేస్తున్నారో, ఎవరికి తెలుసు? మా రోజుల్లో అడుగుదామంటే పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. ఇప్పుడు వాక్యం ఉంది, దాన్ని చూపించి అడిగే మనిషి కోసం కాచుకుని ఉంది. ఆ మనిషి వచ్చిన రోజు గేటు దగ్గరి వాచ్‌మన్ ఏమని పలకరిస్తాడో, అది వినే దాకా బతకాలని ఉంది నాకు.