ఆధారం రాయలేని పేరు

దయ్యాలన్నా, ఆత్మలన్నా నాకు నవ్వొచ్చేది. ముప్పై ఏళ్లు తాడేపల్లిగూడెంలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఒక్క స్టెప్పు వదిలేసినా మార్కులు కోసేదాన్ని. అలాంటి నేను ఈ సంగతి చెప్పాల్సి రావడం నాకే చిరాకుగా ఉంది.

రిటైరయ్యాక, కుటుంబ చరిత్ర ఎలా వెతకాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరాను. చేరింది అమ్మ కోసం. ఆవిడకు ఎనభై మూడేళ్లు. మనసులో ఒకటే బాధ. "మా అమ్మ నన్ను ఒక్కసారైనా ఒళ్లో కూర్చోబెట్టుకోలేదే. నేనేం పాపం చేశానో" అంటూ ఉంటుంది. అమ్మ ఒక్కతే సంతానం. అమ్మమ్మ, తాతయ్య ఇద్దరూ నేను పుట్టకముందే పోయారు. అడుగుదామంటే ఆ తరంలో ఎవరూ మిగల్లేదు.

మూడోవారం వంశవృక్షం గీయమన్నారు. ప్రతి పేరు పక్కనా అది ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశామో రాయాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చుని పెన్సిలుతో గీసి, ఫొటో తీసి పంపాను.

రెండ్రోజులకు కోర్సు మేడమ్ జవాబిచ్చారు. "అంతా బాగుందండీ. మీ అమ్మగారి అక్క సుగుణమ్మ, మూడు నెలలకే పోయిన పాప అని రాశారు కదా, ఆ పేరుకు మాత్రం ఆధారం రాయలేదు."

ఏ సుగుణమ్మ? కాగితం తీసి చూశాను. అమ్మ పేరుకు ముందు ఆ పేరుంది. నా రాతే. రాసినట్టు మాత్రం జ్ఞాపకం లేదు.

అమ్మనడిగితే, "నేనే మొదటిదాన్నే. నాకు అక్కెక్కడిదీ?" అంది.

కొట్టేద్దామనుకున్నాను. కానీ కొట్టేయాలన్నా ఆధారం ఉండాలని కోర్సులో చెప్పారు.

గుండుగొలను దగ్గర అమ్మ పుట్టిన ఊరికి వెళ్లాను. అక్కడ అడుగుపెట్టడం నాకదే మొదలు. చర్చి అయ్యగారు బీరువాలోంచి పాత బాప్తిస్మాల రిజిస్టరు తీసిచ్చారు. అట్ట ఊడి, దారంతో కట్టి ఉంది. ముడి బిగుసుకుపోయి విప్పడానికి చాలాసేపు పట్టింది.

లోపల తాతయ్య పేరు, అమ్మమ్మ పేరు, బిడ్డ సుగుణమ్మ. పక్కన ఎర్రసిరాతో, మూడు నెలలకే సమాధి చేసినట్టు రాసి ఉంది. అమ్మ పేరు ఆ మరుసటి ఏడాది పేజీలో ఉంది.

ఫోనుతో ఆ పేజీ ఫొటో తీసుకున్నాను. అయ్యగారు మంచినీళ్లిచ్చి, "ఈ పాప సంగతి మీకెవరు చెప్పారమ్మా?" అన్నారు.

ఎవరు చెప్పారో ఈ రోజుకీ నాకు తెలియదు. చిన్నప్పుడెప్పుడో విన్నానేమోనని సర్దిచెప్పుకుందామంటే, చెప్పేవాళ్లే లేరు. అమ్మకే తెలియని పేరది. ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క తేలడం లేదు.

అమ్మకు ఆ గొడవేం పట్టలేదు. ఫోనులో ఆ పేజీ ఫొటో చూపిస్తే, వేలితో ఆ పేరును నిమురుతూ కూర్చుంది. "నేనంటే ఇష్టంలేక కాదే. నేనూ పోతానేమోనని భయపడింది. పిచ్చిది" అని ఏడ్చింది. తన తల్లి కోసం అమ్మ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.