ఎర్ర తొట్టికి అత్తమ్మ చేసిన న్యాయం

మా బిడ్డ చేపల మీద పెద్ద చదువు చదువుతది. కాలేజీల ట్యాంకు పగిలింది. బాగు చేసెటోళ్లు రేపు, మాపు అని తిప్పుతుంటే, పిల్ల చేపలను ఆటోల ఏసుకొని నాచారంల మా ఇంటికే తెచ్చింది. ఉన్నయి రెండు గదులు. కూలర్ పక్కకు జరిపి ఒక నీలం తొట్టి, ఒక ఎర్ర తొట్టి పెట్టింది. ఎండకు మేం ఉడికినా ఫికర్ లేదు, చేపలు సల్లగుండాలె కద.

"ఏంది బిడ్డా ఇదంత?" అని అడిగిన.

చెప్పింది. చేప మెదడు కింద గసగస గింజంత గ్రంథి ఉంటదట. గుడ్లు పెట్టుడు, పిల్లలవుడు, అన్నిటికి హుకుములు ఆడికెల్లేనట. కింద కడుపుల తయారైన ఆడ, మగ హార్మోన్లు రక్తంల పోయి ఆ గింజకు తిరుగు కబురు చెప్తయట. పెద్ద చేపలల్ల ఆ కబురు ఎక్కువసార్లు "ఇగ చాలు, ఆపు" అని. పిల్ల చేపలల్ల అదే హార్మోన్ పోతే గింజ నిద్రలేసి, వయసు తెప్పించే సరుకు కూడబెడతదట.

నీలం తొట్టికి హార్మోన్ కలిపిన మేత, ఎర్ర తొట్టికి సాదా మేత. ఆఖరుకు రెండిట్ల గింజలను పోల్చి చూడాలె. బిడ్డ పట్టా దాని మీదనే ఉన్నది.

మా అత్తమ్మ అంతా విని, "చేపలకు తొందరగా వయసు తెప్పిస్తున్నవ్, సంబురమే. నీ పెండ్లి వయసు ఎప్పుడొస్తదే?" అన్నది.

"నాకు సాదా మేతనే పెడుతున్నరు కద నాయనమ్మా!"

అత్తమ్మకు ఒక పట్టుదల. బంతిల కూసున్నోళ్లకు వడ్డించేటప్పుడు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పెట్టొద్దు, మహాపాపం. ఇంట్ల మటన్ వండితే మూలుగ నిండిన నల్లిబొక్క మా ఆయన పళ్లెంలనే పడతది, అది వేరే సంగతి. గరిటె దానంతటదే కొడుకు దిక్కు తిరుగుతది కావచ్చు.

చేపలను కాలేజీకి తీస్కపోయే ముందురోజు బిడ్డ జర జల్దీ ఇంటికొచ్చింది. చూస్తే, అత్తమ్మ నీలం తొట్టి మేత తీసి ఎర్ర తొట్టిల చల్లుతున్నది.

"నాయనమ్మా! ఏం జేస్తున్నవ్?"

"నువ్వు బయటికి పోంగనే రోజూ చేసేదే. దానికి మందు మేత, దీనికి వట్టి మేతనా? ఒక్క ఇంట్ల గీ వలపక్షమేందే? సమానం జేస్తున్న."

బిడ్డ ఆమె చేతులకెల్లి మేత గుంజుకున్నది. "రెండూ ఒక్కతీరే అయినంక దేన్ని దేనితోని పోల్చాలె? నా చదువు నీళ్లల్ల పోసినవ్ కద!"

"చేపలుండేదే నీళ్లల్ల," అన్నది అత్తమ్మ.

బిడ్డ ఏడుసుకుంటనే సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. సార్ మస్తు తిట్టి, మళ్ల మొదటికెల్లి చెయ్యమన్నడట. కొత్త పిల్ల చేపలొచ్చినయి. ఈసారి మందు మేత బీరువాలకు పోయింది. మా ఇంట్ల తాళమేసి దాసే సొమ్ము అప్పటిదాంక లేకుండె.

ఈసారి లెక్క కుదిరింది. నీలం తొట్టి చేపల గింజలు లేసినయట, ఎర్రయి ఇంకా పండుకునే ఉన్నయట. బిడ్డ మొఖంల నవ్వొచ్చింది. అత్తమ్మ మాత్రం కొంగుతోని కండ్లొత్తుకున్నది. "పాపం, ఎర్ర తొట్టోళ్లకు అన్యాయం జేసిన్రు."

ఆదివారం మటన్ వండిన. అత్తమ్మ గరిటె పట్టింది. నల్లిబొక్క మా ఆయన పళ్లెంల పడ్డది, నాకు సూప్ వచ్చింది. నేను ఖాళీ ఎర్ర తొట్టి దిక్కు చూసుకుంట తిన్న.