మార్చని రెసిస్టరు

నా చిన్నప్పుడు ఏడో తరగతి నన్ను రెండేళ్ళు చదివింది. రెండోసారి కూడా నేను దానికి అర్థం కాకపోయేసరికి విసుగొచ్చి వదిలేసింది. ఆ రెండో ఏడాది వేసవిలో, అంటే తొంభైల మొదట్లో, మా మేనత్తతో పాలకొల్లు వెళ్ళిన ఒక్క పూట మాత్రం నాకు నిజంగా పాఠం ఒంటబట్టింది. సర్టిఫికెట్ ఇవ్వలేదు, మొట్టికాయ ఇచ్చారు.

మా అత్త నరసాపురం రేవులో చేపలు అమ్మేది. అక్షరం ముక్క రాదు. ఆవిడ ప్రాణమంతా ఒక పాత రికార్డు ప్లేయరు మీద ఉండేది. పొద్దుటి బేరం ముగించుకుని, గంప కడిగి బోర్లించి, కాళ్ళు చాపుకుని హరికథ రికార్డు పెట్టుకుందంటే ఇక ఆవిడ ఇంట్లో లేనట్టే. ముల్లు అరిగిపోయిందని పాలకొల్లు మెకానిక్కు చేత కొత్త కార్ట్రిడ్జి, అదే ముల్లుని పట్టుకుని ఉండే చిన్న డబ్బా, వేయించింది. ఆ రోజు నుంచి హరిదాసుగారు 'స' అన్నప్పుడల్లా కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుర్రుమనేది. చిడతల గజ్జెలైతే చెవుల్లో గుచ్చుకునేవి. మావయ్యకి సందు దొరికింది. ఆయనకి ఎప్పటినుంచో టేపురికార్డరు మీద మోజు. ఆదివారం లోపు దీని గొంతు బాగవకపోతే పాతదాని కింద ఇచ్చేసి టేపురికార్డరు తెచ్చేస్తానని ప్రకటించేశాడు. అప్పటికే శుక్రవారం.

శనివారం అత్త ప్లేయరునీ ఆంప్లిఫయరునీ తన చేపల గంపలోనే సర్ది, పైన పాత చీర కప్పింది. బస్సులో పక్కనున్నావిడ ముక్కు మూసుకుని ఏం చేపలని అడిగింది. "పాడే చేపలండి," అన్నాను. అత్త తొడపాశం పెట్టింది.

మెకానిక్కు పాలిటెక్నిక్ చదివినాయన. మంచివాడే, పని శుభ్రం. కానీ మా గంప గడప దాటగానే అగరొత్తి వెలిగించాడు. అత్త చూసి, గంప మీద చీర ఇంకాస్త బిగించింది. ఆయన మీటరు పెట్టి చూసి, కార్ట్రిడ్జితో వచ్చిన కాగితం మా ముందు పరిచాడు.

"నలభై ఏడు వేల ఓములుండాలని రాసుందమ్మా. లోపల సరిగ్గా అంతే ఉంది. తప్పేం లేదు, నీ చెవికి కొత్త, అంతే."

అత్త వదల్లేదు. ఆయన్ని అడిగి అడిగి సంగతంతా రాబట్టింది. కార్ట్రిడ్జి నుంచి వచ్చే సన్నటి కరెంటు ఆంప్లిఫయరులోకి వెళ్ళేచోట ఒక రెసిస్టరు, అంటే కరెంటుని కాస్త అడ్డుకునే చిన్న ముక్క, ఉంటుందట. ఆ నలభై ఏడు వేల లెక్క దానిదేనట. దాని పక్కన ఇంకోటి తగిలిస్తే కార్ట్రిడ్జి మీద బరువు పెరిగి కీచుదనం తగ్గుతుందట. బరువు మరీ ఎక్కువైతే గొంతుకి దుప్పటి కప్పినట్టవుతుందట.

"అయితే తగిలించి చూడండి," అంది అత్త.

"కాగితంలో లేనిది చెయ్యకూడదమ్మా. అయినా ఆ తేడా నీకేం తెలుస్తుంది?"

"ఈ కాగితం రాసినాయన నా పెట్టె విన్నాడాండి?"

ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. తను గోడకేసి తిరిగి కూర్చుంటాననీ, ఆయన చెప్పింది నేను తగిలిస్తాననీ, ఏది తగిలించామో ఒక్కసారి తప్పు చెప్పినా పెట్టె అక్కడే వదిలేసి పోతాననీ అంది. ఇంటిదగ్గర మావయ్య కాచుకుని ఉంటే, ఈవిడ ఆదివారం దాకా కూడా ఆగేట్టు లేదు.

సరే చూద్దామని ఆయన రెసిస్టర్లు రెండు తీశాడు. లక్ష ఓములది ఒకటి, పది వేలది ఒకటి. ముందు అన్నీ ఒక్కోసారి వినిపించాడు. ఏదీ లేకుండా ఉన్నదానికి అత్త 'కీచు' అని పేరు పెట్టింది. లక్షది తగిలిస్తే 'చక్కన', పదివేలది తగిలిస్తే 'దుప్పటి'. ఆయన ముల్లుని ప్రతిసారీ చిడతలు మోగే చోటే దించాలి కాబట్టి రెసిస్టర్లని తగిలించే క్లిప్పులు మార్చే పని నాది. ఆయన వేలు చూపిస్తే నేను మార్చడం, గోడ వైపు నుంచి జవాబు రావడం. అయిదుసార్లు అయిదూ సరిగ్గా చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆరోసారి నాకు చెయ్యి దురద పుట్టింది. అప్పుడు ఉన్నది 'చక్కన'. ఆయన 'దుప్పటి' పెట్టమని సైగ చేసి రికార్డు మీదకి వంగాడు. నేను క్లిప్పుని టిక్కుమనిపించి ఉన్నదాన్నే ఉంచేశాను. ముల్లు దిగాక గానీ నేను చేసిన వెధవపని నాకు తెలిసిరాలేదు. అత్త పొరబడితే పెట్టె నా మూలాన పోతుంది. అత్త తల పక్కకి వంచి, చిడతలు మళ్ళీ మోగేదాకా వింది.

"ఇందాకటిదే. మార్చలేదు."

"లేదమ్మా, మార్చాడు. నాకు తెలుస్తోంది కదా, గొంతు ముద్దగా ఉంది," అన్నాడు ఆయన.

"క్లిప్పు చూడండి."

ఆయన చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ తర్వాత ఎవర్నీ చూడలేదు. అత్త లేచి వచ్చి నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. ఆయన అగరొత్తి ఆర్పేసి, టంకం కడ్డీ వేడిచేసి, లక్ష ఓములదాన్ని శాశ్వతంగా అతికించేశాడు. "గంప ఫ్యాను కింద పెట్టుకుని కాసేపు కూర్చోండి, బయట ఎండ," అన్నాడు.

తిరుగు బస్సులో అంత ధైర్యం ఎలా వచ్చిందని అడిగాను. తన చిన్నతనంలో మా తాతయ్య పడవ ఆపి, తెడ్డు నీళ్ళలోకి దించి, పిడి అత్త చెవికి ఆనించేవాడట. చప్పుడు చేసే చేపల గుంపు అడుగున ఉంటే తెడ్డు వెంట వినిపిస్తుంది. ఆశకొద్దీ లేని గుంపు ఉందని చెప్పిందో, వల ఖాళీగా లేస్తుంది, ఆ పూట ఇంటిల్లిపాదీ పస్తు. అందుకని వినబడింది మాత్రమే చెప్పడం తనకి అలవాటైపోయిందంది. మెకానిక్కు అబద్ధం చెప్పలేదట, మార్చమన్నాడు కాబట్టి మారినట్టే విన్నాడట.

ఆదివారం మావయ్య హరికథ మొత్తం విన్నాడు. పెట్టె ఉండిపోయింది. టేపురికార్డరు కావాలని ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాడు. అత్త చెవులకి వినబడనిది అదొక్కటే.

ఇప్పుడు నేను మైకుసెట్లు బాగుచేస్తాను. చదువుకున్నవాళ్ళొచ్చి, ఫోన్లో అంకెలు చూపించి, నీకేం తెలుసని దబాయిస్తారు. గోడకేసి తిరిగి కూర్చోండి, మారుస్తాను, చెప్పండి అంటాను. ఇంతవరకూ ఒక్కరూ కూర్చోలేదు. ఏడో తరగతి ఫెయిలైనవాడి ముందు తప్పు చెప్పడానికి ఎవరికీ దమ్ము లేదు. నాకుంది. వినబడకపోతే వినబడలేదనే చెబుతాను, బేరం పోతే పోనీ అనుకుంటాను.

ఆమధ్య ఇదంతా అత్తకి చెప్పుకుని మురిసిపోతూ, "నీ చెవులు నాకొచ్చాయే అత్తా," అన్నాను. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"చెవులు నావే లేరా. వాటి మధ్యనున్న నోరు మీ నాన్నది. అది మూస్తేనే అవి పనిచేస్తాయి."