మావారు వద్దు

ఢిల్లీలో ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన ఏడాదే, బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో మా నాన్న ప్రభుత్వం కూడా పడిపోయింది. నాన్న మా అసోసియేషన్ ప్రెసిడెంటు. ఉన్నవి తొమ్మిది ఫ్లాట్లు. దానికే ఆయన బిల్డప్ చూడాలి, అబ్బో! నీళ్ల మోటారు గది తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవారు. అన్నం ముందు కూర్చున్నాక నీళ్లు రావట్లేదని ఎవరైనా వచ్చి బెల్ కొడితే చాలు, ఎంగిలి చేత్తోనే మోటారు వేయడానికి పరిగెత్తేవారు. అమ్మ వేడివేడిగా వడ్డించిన పప్పు కంచంలోనే చల్లారిపోయేది.

ఇంటికొచ్చి బెల్ కొడితే గానీ మోటారు వేయట్లేదని పై అంతస్తువాళ్లు అవిశ్వాస తీర్మానం పెట్టారు. నాన్న రెండ్రోజులు గడ్డం కూడా గీసుకోలేదు. “ఇది పోతే నన్నెవరు పలకరిస్తారే?” అన్నారు నాతో. నవ్వొచ్చింది, పాపం అనిపించింది కూడా.

ఆదివారం టెర్రస్ మీద రహస్య ఓటింగు. చీటీ మీద ప్రెసిడెంటు పేరు రాసి, పక్కన ‘ఉండాలి’ అనో ‘వద్దు’ అనో రాయాలి. సమానంగా వస్తే పాత ప్రెసిడెంటే. ఫ్లాటు ఎవరి పేరునుంటే ఓటు వాళ్లది. మాది అమ్మ పేరున ఉంది. ఇంకేం, ఒక ఓటు జేబులో ఉన్నట్టేనని నాన్న ధీమా.

లెక్కపెట్టింది వన్ టౌన్‌లో గాజుల షాపున్న భాయ్ గారు. నాలుగు ఉండాలి, నాలుగు వద్దు. తొమ్మిదో చీటీ విప్పి ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

“‘మావారు వద్దు’ అని ఉందండీ.”

చచ్చాం రా దేవుడా అనుకున్నాను. మొగుడి పేరు పలకడమే తప్పనుకునే మా అమ్మ, పేరు రాయమంటే ఇంకేం రాస్తుంది! ఓటేసిన ఆడవాళ్లు ముగ్గురు. ముగ్గురి మొగుళ్లూ పెళ్లాల వంక చూశారు. అమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు, ఆరబెట్టిన వడియాల మీద కాకుల్ని తోలుతోంది.

“ఎవరివారో రాయలేదు గనక ఇది చెల్లదండీ,” అన్నారు భాయ్ గారు, నాన్నని కాపాడదామని.

చెల్లకపోతే నాలుగూ నాలుగూ. నాన్న నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పదవి పదిలం. ఆయన లేచి నిలబడ్డారు.

“చెల్లకపోవడమేంటండీ? ఆవిడ వారిని నేనే కదా!”

గోడవైపు తిరిగి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి భాయ్ గారికి ఇచ్చేశారు.

మధ్యాహ్నం అన్నాల వేళ బెల్ మోగింది. నాన్న అలవాటుగా సగం లేచి, గుర్తొచ్చి కూలబడ్డారు.

“మరీ వద్దనేశావేంటే?” అన్నారు చిన్నబుచ్చుకుని.

“వద్దన్నది అక్కడండీ,” అంది అమ్మ, పప్పులో నెయ్యి వేస్తూ. “ఇక్కడ కూర్చోండి.”